తిరిగొచ్చే తేదీ

2002 అక్టోబరు. అప్పట్లో నేను విశాఖపట్నంలో చిన్నచిన్న ఆఫీసులకి సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇచ్చేవాణ్ణి. కంపెనీ అంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. గాజువాకలో ఒక ఫొటో స్టూడియో మీద పదడుగుల గది, రెండు కంప్యూటర్లు, వాటికి కాపలాగా నేను. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఉద్యోగంలో చేరకుండా ఇలా స్కూటరేసుకుని ఊరంతా తిరగడం ఆయనకి నచ్చేది కాదు. "మేం చేసింది లారీల్లో వెళ్తుంటే కనబడుతుందిరా. నువ్వు చేసేదేదీ కనబడదేం?" అనేవాడు. నాకు కోపం వచ్చేది, స్కూటర్ తీసి బయటికి పోయేవాణ్ణి.

నా కస్టమర్లు పదిపన్నెండు మంది. వాళ్ళలో నాకు బాగా ఇష్టమైనది ఫిషింగ్ హార్బర్‌లో ఒక పడవల సంఘం. పేరెందుకులెండి. ఇష్టం ఎందుకంటే అక్కడికి పొద్దున్నే వెళ్ళాల్సి వచ్చేది. తెల్లవారేటప్పటి హార్బర్ ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. యారాడ కొండ మీద మబ్బు దిగి ఉండేది. నీళ్ళూ ఆకాశమూ ఒకటే బూడిదరంగు, మధ్యలో పడవలు దేనిమీద నిలబడ్డాయో తెలిసేది కాదు. ఎవరో ఎవర్నో "ఓ బావా" అని పిలిస్తే ఆ పిలుపు నీళ్ళ మీద అలా సాగిపోయేది, జవాబు చాలాసేపటికి గానీ వచ్చేది కాదు. ఆ కాసేపూ నేను లేచానో, ఇంకా నిద్రలోనే ఉన్నానో నాకే సందేహంగా ఉండేది.

ఇప్పుడందరూ లో-కోడ్ అంటున్నారు. అప్పుడు మాకు ఆ పేరు తెలీదు, పని మాత్రం అదే. పేజీలకి పేజీలు ప్రోగ్రాం రాయకుండా, తెరమీద గళ్ళు పెట్టుకుని, ఏ గడిలో ఏం పడాలో చెబితే అప్లికేషన్ తయారైపోయే ప్యాకేజీ ఒకటి వాడేవాణ్ణి. గళ్ళున్న ఆ పేజీని ఫారం అంటాం. గడిని ఫీల్డ్ అంటాం. ఒక పడవ తాలూకు గళ్ళన్నీ కలిపితే ఒక రికార్డు. సేవ్ నొక్కగానే ఆ రికార్డు వెళ్ళి లోపల టేబుల్‌లో కూర్చుంటుంది. కూర్చోవాలి, అదీ లెక్క.

సంఘం వాళ్ళకి నేను చేసిచ్చింది సముద్రంలోకి వెళ్ళే పడవల జాబితా. జెట్టీ దగ్గర కౌంటర్లో ఒక కంప్యూటరు. పడవ బయల్దేరేముందు దాని నంబరు, డ్రైవర్ పేరు, కళాసీల పేర్లు, అంటే పడవలో పనిచేసేవాళ్ళవి, వెళ్ళే రోజు, తిరిగొచ్చే తేదీ అందులో కొట్టాలి. లోపల సెక్రటరీ గదిలో ఇంకో కంప్యూటరు. వాయుగుండం హెచ్చరిక వస్తే అక్కడ జాబితా ప్రింటు తీసి, ఎవరెవరు సముద్రంలో ఉన్నారో చూసి, వైర్‌లెస్ ఉన్న పెద్ద పడవల ద్వారా మిగతా వాళ్ళకి కబురు పంపేవారు. జాబితాలో పేరు లేకపోతే ఆ పడవ ఒడ్డునే ఉన్నట్టు లెక్క.

పొద్దున పూట కౌంటర్లో కూర్చునే అమ్మాయి నూకరత్నం. ఇరవై నాలుగేళ్ళుంటాయి. అక్కడి పేటలోని పిల్లే, వాళ్ళ ఇంట్లో అందరూ సముద్రం మీద బతికేవాళ్ళే, ఈ అమ్మాయి ఒక్కతే ఇంటర్ చదివి టైపు నేర్చుకుంది. మధ్యాహ్నం పూట వెంకట్ అని ఒకతను కూర్చునేవాడు. ఇద్దరి మీదా సెక్రటరీ రామ్మూర్తిగారు. పోర్టులో చేసి రిటైరైన మనిషి, కృష్ణా జిల్లా వాసి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

ఆ నెల రెండో వారంలో సముద్రంలో గాలి మారింది. హెచ్చరిక వచ్చింది. జాబితా తీస్తే పధ్నాలుగు పడవలు బయట ఉన్నాయని చూపించింది. పధ్నాలుగింటికీ కబురు వెళ్ళింది, సాయంత్రానికి పధ్నాలుగూ వచ్చేశాయి. రామ్మూర్తిగారు ఊపిరి పీల్చుకుని టీ తెప్పించుకున్నారు. అప్పుడు నూకరత్నం వెళ్ళి, "సార్, మా అన్న బోటు రానేదు" అంది.

ఆమె అన్న మసేను. చిన్న పడవ, తనతో కలిపి ఆరుగురు. సెక్రటరీ జాబితా చూశారు. మసేను పడవ లేదు. "కంప్యూటర్లో లేదు కదమ్మా. వెళ్ళలేదేమో, భీమిలి వైపు కట్టేసుంటాడు. ఇంట్లో కనుక్కో" అన్నారు. "నానే ఎక్కించాను సార్" అని ఆ అమ్మాయి ఎంత చెప్పినా ఆయన ప్రింటు కాగితమే చూపించారు. తెల్లారి పేటంతా వచ్చి ఆఫీసు ముందు నిలబడ్డాక గానీ వెతకడం మొదలుపెట్టలేదు. ఇంజను ఆగిపోయి, ఆరుగురూ తడిసిన బట్టలతో, బియ్యం నీళ్ళపాలై, కొట్టుకుపోతూ ఉంటే ఆ మధ్యాహ్నం భీమిలికి అవతల ఎవరో చూసి లాక్కొచ్చారు. ఆరుగురూ బతికే వచ్చారు. కానీ ఒక రాత్రంతా వాళ్ళకోసం ఎవరూ వెతకలేదు.

ఇక చూడండి, ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు తప్పంతా నూకరత్నం మీద పడింది. సొంత అన్న కదా, తర్వాత ఎక్కిద్దాంలే అని బద్ధకించిందన్నారు. ఎక్కించకుండానే ఎక్కించానంటోందన్నారు. రామ్మూర్తిగారు నాకు ఫోన్ చేసి పిలిపించారు.

"ఆ పిల్ల కంప్యూటర్ మీద పెడుతోంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నాకు. అయినా నీ నోటితో వినాలి. సోమవారం కమిటీ ఉంది. మిషన్ తప్పయితే మిషన్‌దని చెప్పు, పిల్ల తప్పయితే తీసేస్తాం."

"మిషన్ తప్పు అయ్యుండదండి. నేనేమీ మార్చలేదు" అన్నాను. ప్రతి ప్రోగ్రామరూ నోరు తెరవగానే చెప్పే అబద్ధం అదే. నాకు అబద్ధమని తెలీదు, అంత తేడా.

కౌంటర్ దగ్గరికి వెళ్తే నూకరత్నం ముఖం తిప్పుకుని కూర్చుంది. నేను బల్ల కింద దూరి వైర్లు చూస్తుంటే పైనుంచి అంది: "మీకు రెండుసార్లు ఫోన్ సేసాను సార్. ఎక్కించినవి మళ్ళీ తీస్తే కనబడ్డం నేదని సెప్పాను. ఆపీసి మళ్ళీ ఆన్ సెయ్యమన్నారు."

అన్నాను. నాకు గుర్తుంది. వేరే ఆఫీసులో ఏదో పీకుతూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని అన్నాను.

"అప్పుడేం చేశావ్?"

"ఏటి సేత్తాను. బోటు ఒచ్చినాక మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించీదాన్ని. అప్పుడు ఉండిపోయీది."

అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీలేదు. నెలాఖరుకి చూస్తే అన్నీ ఉండేవి. పడవ సముద్రంలో ఉన్న ఆ నాలుగు రోజులే దాని పేరు జాబితాలో ఉండేది కాదు, ఆ నాలుగు రోజులూ ఎవరూ చూసేవారు కాదు.

"ఉద్యోగం పోతే పోయింది సార్" అంది తర్వాత, తెర వైపే చూస్తూ. "మా వదిన నాతో మాటాడ్డం మానీసింది. అన్న పేరు రాయని ఆడబిడ్డవి నువ్వూ ఒక మనిషివేనా అంది. అదే ఇంట్లో ఉంటన్నాను. నా కంచం నానే ఎట్టుకుని తింటన్నాను." అంతే అంది. నేను బల్ల కిందనుంచి వెంటనే పైకి రాలేకపోయాను.

మొదటి రోజు అన్నీ చూశాను. హార్బర్‌లో ఉప్పుగాలికి ఇనుమేదీ ఆర్నెల్లు ఆగదు, వైరు కొసలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. మార్చాను. యూపీఎస్, అంటే కరెంటు పోయినా కాసేపు కంప్యూటర్‌ని నడిపే పెట్టె, దాన్ని చూశాను. బాగానే ఉంది. తర్వాత నేనే కూర్చుని ఉత్తుత్తి పడవలు యాభై ఎక్కించాను. నంబరు, డ్రైవరు, కళాసీలు, వెళ్ళే రోజు, వచ్చే రోజు, సేవ్. యాభైకి యాభై టేబుల్‌లో కూర్చున్నాయి. నాలో ఒక పాడుబుద్ధి ఉంది, నా ప్రోగ్రాం బాగుందని తేలితే మనసు ఊరట పడుతుంది, పక్కన ఎవరి కొంప మునుగుతున్నా సరే. ఆ రోజూ అలాగే ఊరట పడింది.

సాయంత్రం వెళ్ళిపోయేముందు ఊరికే టేబుల్ తెరిచి పైనుంచి కిందికి చూస్తున్నాను. ప్రతి రికార్డుకీ ప్యాకేజీ తనంతట తనే ఒక వరస నంబరు ఇస్తుంది. దాన్ని ఆటోనంబర్ అంటాం. ఫారంలో మొదటి అక్షరం కొట్టగానే నంబరు పడుతుంది. ఆ రికార్డు మధ్యలో పోతే దాంతోపాటు ఆ నంబరూ పోతుంది, ఇంకెవరికీ రాదు. చూస్తే వరసలో ఖాళీలున్నాయి. ఒకటి, మళ్ళీ ఆరు దాటాక ఒకటి, మళ్ళీ రెండు. మసేను బయల్దేరిన రోజు పొద్దున కూడా ఒక నంబరు లేదు. జూన్ వరకూ వరస పూసల్లా ఉంది. జూలైనుంచే ఖాళీలు మొదలయ్యాయి.

అంటే ఆ పొద్దున ఎవరో ఆ ఫారం ముందు కూర్చుని కొట్టడం మొదలుపెట్టారు. వెళ్ళి రామ్మూర్తిగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మొదలుపెట్టి వదిలేసిందన్నమాట. అదే కదయ్యా నేనూ అంటున్నది" అన్నారు.

రెండో రోజు తెల్లవారకుండానే వెళ్ళి నూకరత్నం వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. మళ్ళీ అదే బూడిదరంగు పొద్దు. డీజిలు వాసన, ఐసు వాసన, వలలు ఈడ్చే చప్పుడు. పెద్ద పడవల ఓనర్లు చీటీలు పంపేవారు, అందులో పేర్లూ తేదీలూ అన్నీ రాసుండేవి. ఆ అమ్మాయి వేళ్ళు గబగబా కదిలేవి. ప్రతి చీటీకీ చివర తెరమీద నేను పెట్టిన మెసేజ్ వచ్చేది: "సేవ్ అయింది". తెలుగులో రావాలని దాన్ని బొమ్మగా చేసి పెట్టాను, అప్పట్లో అదొక గొప్ప నాకు. ఆ చల్లగాలికి, ఆ టకటకలకి నాకు కళ్ళు మూతలు పడ్డాయి. పడవలు ఒక్కొక్కటే జెట్టీ వదిలి మంచులోకి కరిగిపోతున్నాయి. వెళ్ళినవన్నీ నా టేబుల్‌లో ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

వెళ్ళేటప్పుడు వెంకట్‌ని కూడా అడిగాను, నీ పూట ఎక్కించినవి ఎప్పుడైనా పోయాయా అని. "ఒక్కటీ పోలేదు సార్" అన్నాడు. ఆ మాట కూడా పాపం ఆ అమ్మాయికే చుట్టుకుంది.

మూడో రోజు శనివారం. పెద్ద పడవల చీటీలైపోయాక, ఎండ ఇంకా రాకముందు, గురువులు అనే డ్రైవరు స్వయంగా వచ్చాడు. అరవై దాటిన మనిషి, నడుముకి తువ్వాలు, చేతిలో అన్నం డబ్బా. వెనకాల నలుగురు కళాసీలు. నూకరత్నం లేచి నిలబడి, "మావా, పేర్లు సెప్పు" అంది. ఆయన చెప్పాడు. ఆమె కొట్టింది. బోటు నంబరు, ఐదు పేర్లు, ఈ రోజు తేదీ. తర్వాత తిరిగొచ్చే తేదీ గడి ఒక్కటీ దాటేసి సేవ్ మీదికి వెళ్ళింది.

ఖాళీ వదిలేసిందేమిటని నాకు ఉండబట్టలేదు. వెనకనుంచి తల చాపి, పోన్లే సాయం చేద్దామని, గట్టిగా అడిగేశాను: "పెద్దాయనా, ఎప్పుడొస్తారు తిరిగి?"

గురువులు చేతిలో డబ్బా కౌంటర్ మీద పెట్టాడు. నా వంక చూశాడు. కోపం కాదు, ఏదో పోగొట్టుకున్న మనిషి చూపు. "ఏటి బాబూ, అలగ అడిగీసినావు" అన్నాడు మెల్లగా. వెళ్ళి తాళ్ళ చుట్ట మీద కూర్చున్నాడు. వెనకాలున్న నలుగురూ అక్కడే గచ్చు మీద కూర్చున్నారు. ఇంజను స్టార్ట్ చేసి ఉంది, ఎవరో వెళ్ళి ఆపేశారు.

నూకరత్నం పరుగున వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు, మిగతావాళ్ళకి అందించాడు. తిరిగొచ్చి నా పక్కన నిలబడి గొంతు తగ్గించి అంది: "సముద్రానికి ఎల్లీవోణ్ణి ఎప్పుడొస్తావని అడగరు సార్. అందులోనూ మాబోటి ఆడోలు అసలు అడక్కూడదు. ఆళ్ళంతట ఆళ్ళు సెప్తే రాత్తాను. చీటీలో ఉంటే రాత్తాను. నేదంటే ఒదిలీసి, బోటు ఒచ్చినాక ఆ తేదీ ఏస్తాను. మీరెట్టిన కాడ్నుంచీ అంతే సేత్తన్నాను."

"మసేనుకీ అంతేనా?"

"అన్నని అడుగుతానా సార్."

ఈ సంగతి నాకు తెలీనిది కాదండీ, అదే సిగ్గు. మా ఇంట్లో నేను చెప్పులేసుకుంటుంటే ఎవరైనా "ఎక్కడికి" అన్నారా, మా అమ్మ వాళ్ళని తిట్టి, నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి గానీ పంపేది కాదు. రోడ్డుమీద బస్సెక్కే కొడుక్కే అంత పట్టింపుంటే సముద్రం మీదికి వెళ్ళేవాణ్ణి అడగమని నేను గడి గీశాను. గీసి ఊరుకున్నానా?

అప్పుడు గుర్తొచ్చింది. జూన్ నెలాఖర్న రామ్మూర్తిగారు, తిరిగొచ్చే తేదీలు సగం ఖాళీగా ఉంటున్నాయి, రిపోర్టు అసహ్యంగా కనబడుతోందన్నారు. నేను ఆ గడిని రిక్వైర్డ్ ఫీల్డ్ చేశాను. అంటే అది నింపకపోతే రికార్డు టేబుల్‌లోకి వెళ్ళదు. చిన్న టిక్ మార్కు, అర నిమిషం పని. దాన్ని మార్పు అని కూడా నేననుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. మామూలుగా అయితే అలాంటప్పుడు ప్యాకేజీయే అరుస్తుంది, ఫలానా గడి ఖాళీగా ఉందని ఎర్రర్ మెసేజ్ పెడుతుంది. కానీ ఆ ఇంగ్లీషు మెసేజ్‌లు చూసి స్టాఫ్ బెదిరిపోతున్నారని, మొదట్లోనే రెండు లైన్లు రాసి దాని నోరు నేనే కట్టేశాను. చివర్లో "సేవ్ అయింది" మాత్రం ఉంచాను. అది సేవ్ అయిందో లేదో చూసుకుని వచ్చే మెసేజ్ కాదు, బటన్ నొక్కితే వచ్చే మెసేజ్.

నేను ఎక్కించిన యాభై పడవలూ ఎందుకు పోలేదు? నేను అన్ని గళ్ళూ నింపాను గనక. వెంకట్‌వి ఎందుకు పోలేదని తర్వాత అతన్నే అడిగితే నవ్వాడు. "అడిగేదేముంది సార్, అందరికీ నాలుగు రోజులని కొట్టేస్తా." మర్యాద పాటించిన పిల్ల రికార్డులు పోయాయి, నోటికొచ్చిన తేదీ కొట్టినవాడివి నిలిచాయి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు నేను ముందు ఉప్పునీ కరెంటునీ వెతికాను.

గురువులు అరగంట కూర్చుని, లేచి, కాళ్ళు కడుక్కుని, ఎవరి వంకా చూడకుండా పడవెక్కాడు. ఇంజను మళ్ళీ మొదలైంది. నేను ఆ గడి టిక్ మార్కు తీసేసి, ఆ రికార్డు టేబుల్‌లో కూర్చునేదాకా కదల్లేదు.

"మరి తుఫానొస్తే ఎవరెప్పటికి వస్తారో తెలియాలి కదా రత్నం, ఎలా?" అన్నాను.

ఆమె ఆలోచించను కూడా ఆలోచించలేదు. "ఎన్ని రోజులకి బియ్యం ఏసుకున్నారో అడగండి. సంతోసంగా సెప్తారు." నా కస్టమర్లలో ఎవరూ నాకు అంత మంచి డిజైన్ ఇవ్వలేదు. ఆ గడి పేరు మార్చాను. తేదీ బదులు రోజులు, ప్రశ్న బదులు బియ్యం.

ఇక రామ్మూర్తిగారి గది. అక్కడికి నడుస్తూ ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఆ రోజుల్లో ఏం జరిగినా వైరస్ అనేవాళ్ళం. వైరస్ అంటే ఎవరి తప్పూ కాదు, అందరూ తలూపుతారు. నాకు ఆ సంఘం పని ముఖ్యం, ఊళ్ళో పేరు ముఖ్యం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, దాచడమెందుకు. కానీ వైరస్ అంటే నూకరత్నం చేసింది సరైందని ఎవరికీ తెలీదు. అనుమానం సగం తీరి సగం ఆమె మీదే ఉండిపోతుంది.

"తప్పు ఆ అమ్మాయిది కాదండి, నాది" అన్నాను. అంతా చెప్పాను. రిపోర్టు బావుండాలని ఆయన అడిగిన మాట కూడా చెప్పాను. ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టారు.

"కాగితం మీద రాసిస్తావా?"

"రాసిస్తానండి."

"రాయి. నేనడిగిన సంగతి కూడా రాయి" అన్నారు. ఆయన మీద నాకు అప్పటిదాకా లేని గౌరవం ఆ ఒక్క మాటతో వచ్చింది. నూకరత్నాన్ని పిలిచి, "సోమవారం నీ గురించి కమిటీ లేదు. పని చూసుకో" అన్నారు. క్షమాపణ లాంటిదేదీ ఆయన నోట రాలేదు. ఆ తరం మనుషులకి అది రాదు.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఇలాంటివి చాలా చూశాను. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే తప్పుని ఇంటర్మిటెంట్ ఫాల్ట్ అంటాం. వస్తే ఒకలాగే రాదు, చూస్తుంటే అసలే రాదు. ఇప్పుడు నేను మొదట అడిగేది, చివరిసారి ఏం మార్చాం అని. సేవ్ అయిందనే ముందు ఆ రికార్డుని టేబుల్‌నుంచి వెనక్కి తెప్పించి కళ్ళముందు పెట్టిస్తాను. ఇవి పుస్తకాల్లోనూ ఉంటాయి. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. ఒక మనిషి "చేశాను" అని, మిషన్ "లేదు" అని అన్నప్పుడు, ముందు మిషన్ దగ్గరికి వెళ్ళను. ఆ మనిషి పక్కన స్టూలు వేసుకుని, రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యమని అడుగుతాను. అది ఆ హార్బర్‌లో నేర్చుకున్నదే.

కానీ ఆ కేసు ఆఫీసులో ముగియలేదు. నేను స్కూటర్ తీస్తుంటే నూకరత్నం వచ్చింది.

"కాగితం ఆళ్ళకి సార్. మా వదినకి సదువు రాదు. మీరొచ్చి సెప్పండి."

వెళ్ళాను. పేటలో మధ్యాహ్నపు ఎండలో చేపలు ఆరబోసి ఉన్నాయి. మసేను అరుగు మీద వల సరిచేస్తున్నాడు, అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. వదిన కొండమ్మ అప్పుడే అమ్మకం నుంచి వచ్చి గంప కడుగుతోంది. నాకు పీట వేశారు. నేను రిక్వైర్డ్ ఫీల్డ్ గురించి మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాగానే కొండమ్మ చెయ్యెత్తి ఆపేసింది.

"మాకవన్నీ తెలవ్వు బాబూ. ఇది నా మొగుడి పేరు రాసిందా నేదా, అది సెప్పు."

"రాసిందమ్మా. మీ ఆయన పేరే ముందు రాసింది. తర్వాత ఐదుగురివీ రాసింది. నేను చేసిన పెట్టె వాటిని పారేసి, దాచానని ఈ అమ్మాయికి అబద్ధం చెప్పింది."

"పెట్టెకి అబద్దం ఎవలు నేర్పారు?"

"నేనే నేర్పానమ్మా."

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గంప బోర్లించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ అలా నిలబడింది. మసేను వలమీదనుంచి తలెత్తకుండానే అన్నాడు: "అది నన్ను అడిగుంటే నాను ఆ రోజు ఆగిపోదును గావాల." అని చిన్నగా నవ్వాడు. ఆడవాళ్ళిద్దరూ నవ్వలేదు. నూకరత్నం గుమ్మం బయటే, గోడ నీడలో, పరాయి ఇంటికి వచ్చిన మనిషిలాగా నిలబడి ఉంది.

కొండమ్మ లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడైంది. చాలాసేపటికి లోపల్నుంచే పిలిచింది.

"రత్నం. కూడు ఒడ్డించాను, రా."

ఆ అమ్మాయి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. నేను పీట మీంచి లేచి, మసేనుకి చెప్పి, స్కూటర్ తోసుకుంటూ పేట దాటేవరకూ స్టార్ట్ చెయ్యలేదు.